పలుకుజల్లెడ

దుగ్గిరాలలో తెల్లవారితే గోడలు కూస్తాయి. నలభై అంతస్తుల మేడల్లో ప్రతి ఇంటి గోడలోనూ ఒక స్పీకరు, అందులో కోయిలో, గోరింకో, ఎవరికి కావలసింది వాళ్ళకు. నిజం పిట్ట ఎవరి బాల్కనీలోనైనా వాలిందని తెలిస్తే మాత్రం ఆ అంతస్తంతా గుమ్మంలో చెప్పులు విడిచి లోపలికి వచ్చేస్తుంది. నాలుగు రోజులు పోతే పిట్ట ఉండదు, మనుషులే మిగులుతారు.

అందుకే పసుపు వ్యాపారి చక్కా హేమాంక్ తన పిట్ట సంగతి ఎవరికీ చెప్పలేదు. తల మీద నల్లని కుచ్చు, తోక కింద ఎర్రని మచ్చ. పిగిలిపిట్ట, అదీ జతగా. పసుపు మార్కెట్ యార్డులో తువ్వాలు కప్పి, దాని కింద వేళ్ళు నొక్కి ధర చెప్పడం నేర్చిన చెయ్యి అతనిది. పక్కన నిలబడ్డవాడి చెవిన పడితే సరుకు చేజారినట్టే. తన బాల్కనీకీ పక్క ఫ్లాటు జాహ్నవి బాల్కనీకీ మధ్య రెండు వరసల కమ్మీలు, వాటి నడుమ జానెడు సందు ఉన్నాయి. ఇవతలి కమ్మీలకు ముతక దుప్పటి కట్టేశాడు.

"మీ వైపు ఏదో కూసినట్టుందే," అందామె ఒకసారి, అవతలినుంచి.

"గోడలో పాట లెండి," అన్నాడు.

భార్య పోయాక ఆ ఇంట్లో అతన్ని పిలిచే గొంతు లేదు. వ్యాపారం మానేశాక ఫోనూ మోగడం మానేసింది. కానీ రోజూ పొద్దున అతను కాఫీ గ్లాసుతో బాల్కనీలోకి రాగానే పిట్ట తల వంచి చూసి, రెండు ముక్కలు కూసేది. ఇల్లు ఊడ్చే యంత్రం వచ్చినా, తలుపు గాలికి కొట్టుకున్నా ఆ కూత లేదు. అది తనకు పెట్టిన పేరేనని అతని లెక్క. సరిచూసుకోని లెక్కను నమ్మే అలవాటు లేదు కనక, పై అంతస్తులో ఉండే శబ్ద శాస్త్రవేత్త నవనీతను పిలిపించాడు.

నవనీత తయారుచేసిన యంత్రం పేరు పలుకుజల్లెడ. అరచేయంత తెర, దానికో మైకు, కెమెరా.

"ఇది పిట్టల నిఘంటువు కాదు బాబాయి గారూ," అంది, దాన్ని కుండీ పక్కన బిగిస్తూ. "కూతకు ముందు ఏం జరిగింది, గొంతు ఎంత వణికింది, విన్న పిట్ట ఏం చేసింది, అన్నీ కలిపి చూస్తుంది. శబ్దాన్ని జల్లించేసి ఉద్దేశం మాత్రం మిగులుస్తుంది."

"నాక్కావలసింది ఆ గింజే. నన్నేమని పిలుస్తోందో చెప్పు."

"పిలుస్తోందని మీతో ఎవరన్నారు?"

"జన్మంతా కొనేవాళ్ళ మొహాలు చదివినవాణ్ణి అమ్మాయ్. అది నన్ను చూసే చూపు నాకు తెలీదా?"

జల్లెడ కొన్నాళ్ళు విని నేర్చుకుంది. గద్ద నీడ పడితే తెర మీద 'పైన ముప్పు' అని వచ్చేది. జతను చూసి కూస్తే 'ఇలా రా'. వేరే పిట్ట కుండీ మీద వాలబోతే 'నాది, దగ్గరికి రాకు'.

అంతా కుదిరిందని నవనీత చెప్పిన పొద్దున, హేమాంక్ ఉతికిన చొక్కా వేసుకుని బాల్కనీలోకి వచ్చాడు. పిట్ట తల వంచి చూసింది. రెండు ముక్కలు కూసింది.

తెర మీద అక్షరాలు వచ్చాయి: 'ఎవరూ లేరు.'

"కాటా తప్పు," అన్నాడతను. "మళ్ళీ తూయి."

లోపలికి వెళ్ళి మళ్ళీ వచ్చాడు. ఎవరూ లేరు.

"భయం లేదని జతకు చెబుతోంది బాబాయి గారూ. మనిషిని చూసి పిట్ట అలా అనడం గొప్పే."

"సర్దిచెప్పకమ్మాయ్. సరుకు నా కళ్ళెదుటే ఉంది."

అప్పుడే దుప్పటి అవతలినుంచి జాహ్నవి గొంతు వినిపించింది. "హేమాంక్ గారూ, మీ వైపు ఏదో కూసినట్టుందే?"

తెర వెలిగింది: 'నాది, దగ్గరికి రాకు.'

"అయ్యో, కమ్మీల మీదుగా వచ్చిపోయే మనుషుల గొంతు పట్టకుండా ఆపడం మరిచిపోయాను," అంటూ నవనీత చెయ్యి చాపింది. హేమాంక్ వద్దన్నట్టు చూశాడు.

"గోడలో పాట లెండి," అన్నాడు అలవాటుగా.

'నాది, దగ్గరికి రాకు.'

తనది సరే. మరి ఆవిడది ఏమిటి?

దుప్పటి కొస మెల్లగా ఎత్తాడు. కమ్మీల సందులో పుల్లలతో అల్లిన గూడు, అందులో మచ్చల గుడ్లు. గూటికి అవతల ఇంకో అడ్డు. పూల చీర ఒకటి అవతలి కమ్మీలకు గట్టిగా ముడేసి ఉంది. రెండిళ్ళవాళ్ళూ ఒకరికి తెలియకుండా ఒకరు దాచుకున్న పిట్ట, మనిషి చూపు పడదని హామీ ఉన్న చోటు చూసుకుని గుడ్లు పెట్టింది.

కొస వదిలేశాడు. తువ్వాలు కింద బేరమాడేటప్పుడు కూడా అవతల ఒక చెయ్యి ఉండేది.

"జాహ్నవి గారూ," అన్నాడు చివరికి. "పాట కాదండీ, పిట్టే. ఇటు రండి, కాఫీ తాగుతూ ఇద్దరం చూద్దాం."

తెర మీద: 'ఇలా రా.' ఆ గొంతులోంచి ఆ మాట రావడంతో నవనీత కూడా తలెత్తి చూసింది.

అవతల చీర ముడి ఇంకాస్త బిగిసిన చప్పుడు.

"గోడలో పాటే అయ్యుంటుంది లెండి," అంది జాహ్నవి.

తెర వెలిగింది. హేమాంక్, నవనీత ఇద్దరూ అటు చూడలేదు.

పిట్ట వచ్చి కమ్మీ మీద వాలింది. చీర వైపు చూసింది, దుప్పటి వైపు చూసింది, పక్కనే నిలబడ్డ హేమాంక్ వైపు చూసింది. రెండు ముక్కలు కూసి, నిశ్చింతగా గూట్లోకి దిగింది. ఆ మాట అర్థం కావడానికి అతనికి ఇక జల్లెడ అక్కర్లేకపోయింది.