చెరిపేసిన ఇంటూ గుర్తు

కార్క్‌బీ ఊరి చివర, పాత బండిదారి సముద్రపు ఇసుకలోకి దిగే చోట ఒక తెల్లరాయి ఉంది. పొద్దుపోయాక అక్కడ ఎవరు పిలిచినా పలకకూడదు. రెండొందల ఏళ్ల కిందట బండితో సహా ఊబిలో దిగిపోయినవాడు ఇసుకలోంచి అడుగుతాడట… "ఏమండీ… దారి ఎటు?" అని. పలికామా, తనతో తీసుకుపోతాడు. మా ఊళ్లో పిల్లలకి మాటలు వచ్చీ రాగానే నేర్పేది ఇదే.

ఆ దారిన ఇప్పుడు ఊరివాళ్లెవరూ నడవరు. మా అన్నయ్య క్లిఫర్డ్ దుకాణంలో మాత్రం అది నిక్షేపంగా ఉంది — పాతకాలపు లాంకషైర్ జిల్లా పటంలో, సముద్రం వెనక్కి తగ్గినప్పుడు బయటపడే ఇసుక మీద చుక్కల గీతగా.

ఆ పటాన్ని వేలంలో కొన్నాం. నకళ్లు అచ్చేసి, ఫ్రేములు కట్టి అమ్ముతాం. పెళ్లిళ్లకి, రిటైర్మెంట్లకి, గోడకి ఏం తగిలించాలో తోచనివాళ్లకి. అచ్చుకి ముందు పాత కాగితం మీది మరకలన్నీ అన్నయ్య కంప్యూటర్లో తుడిచేస్తాడు. ఆ చుక్కల గీత మధ్యలో, ఎవరో ఎప్పుడో సిరాతో ఇంటూ గుర్తు పెట్టారు.

"అది మరక కాదు అన్నయ్యా. ఎవరో కావాలనే పెట్టారు," అన్నాను.

"పుట్టినరోజు కానుకలో కొట్టివేతలెందుకే? అచ్చుతప్పనుకుంటారు," అని తుడిచేశాడు. నేనూ ఊరుకున్నాను.

మొన్న డిసెంబరులో పెన్నింగ్టన్ అనే ఆయన భార్య పుట్టినరోజుకి ఒక పటం కొన్నాడు. "ఈ ఇసుకదారి ఇంకా ఉందాండీ?" అని అడిగాడు.

"పటంలో ఉందిగా సార్! దారి ఎక్కడికి పోతుంది?" అన్నాడు అన్నయ్య. ఎప్పుడూ వేసే జోకే. ముగ్గురం నవ్వుకున్నాం.

ఆ సాయంత్రం… నాలుగున్నరకే చిమ్మచీకటి. పొగమంచు. అన్నయ్య కుక్కతో ఇంటికి పోతూ రాయి దగ్గరికి వచ్చాడు.

"ఏమండీ… దారి ఎటు?"

అన్నయ్య నోరు గట్టిగా మూసుకున్నాడు. కుక్కేమో ఇసుక వైపే లాగుతోంది. మళ్లీ పిలిచింది గొంతు… కాస్త నీరసంగా. అన్నయ్య కుక్కని ఈడ్చుకుంటూ ఇరవై అడుగులు వేశాడో లేదో —

"పటంలో ఉందన్నారుగా… దారి ఎక్కడికి పోతుందన్నారుగా…"

అన్నయ్య ఆగి, వెనక్కి తిరిగాడు. ఎప్పుడో పోయిన బండివాడికి మా దుకాణంలో మాటలెలా తెలుస్తాయి? అది పెన్నింగ్టన్! బతికున్న మనిషి! "ఇటు! ఇటు రండి!" అని గొంతు చించుకుని అరిచాడు.

పోటు నీళ్లు వస్తున్న చప్పుడు… అంతే.

తీరరక్షక దళం వాళ్లు దీపాలతో వెతికారు. ఏమీ దొరకలేదు. "మొదటిసారే పలికి ఉంటే…" అంటూ అన్నయ్య నా వంటింట్లో తల పట్టుకుని కూర్చున్నాడు. చివరికి నేనే బిల్లు మీదున్న నంబరుకి ఫోన్ చేశాను. ఆ ఇల్లాలు ఎత్తితే ఏం చెప్పాలో తెలియలేదు.

"పెన్నింగ్టన్‌నండీ," అంది మగగొంతు. "పటమా? మా ఆవిడకి తెగ నచ్చింది. అప్పుడే గోడకి పెట్టేశాం."

నాకు ప్రాణం లేచొచ్చింది. "బతికే ఉన్నాడు అన్నయ్యా! వట్టి భ్రమ నీది," అని నవ్వాను.

అన్నయ్య నవ్వలేదు. గుసగుసగా అడిగాడు.

"డొరీన్… ఆ మాట ఇంకా ఎవరితో అన్నాను?"

పదకొండేళ్లుగా వచ్చినవాళ్లందరితోనూ అన్నాడు. ఆ సంగతి చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఇంకోటి కూడా చెప్పలేదు, ఇప్పటికీ. అన్నయ్య లేనప్పుడు అదే జోకు నేనూ వేసేదాన్ని. పోయిన వేసవిలో ఎర్ర టోపీ పెట్టుకున్న ఒక పెద్దాయన అదే ప్రశ్న అడిగితే, అదే జవాబు చెప్పాను. ఆయన నవ్వి, పటం చంకలో పెట్టుకుని, స్టేషను వైపు కాకుండా ఇసుక వైపు నడిచాడు. కిటికీలోంచి చూశాను. చూస్తూనే, ఇంకో పటానికి ఫ్రేము బిగించుకుంటూ కూర్చున్నాను.