పోయిన మేస్త్రి కార్బొరేటర్

అద్దంకి పొలిమేరలో, మిరప కల్లాలు దాటాక, మూతపడ్డ జిన్నింగు మిల్లొకటి ఉంది. దాని వెనక రేకుల షెడ్డు. పొద్దుగూకాక అటు మళ్లొద్దని లారీ డ్రైవర్లే చెబుతారు. లోపల మనిషి అలికిడుండదట... కానీ ఇనుము మీద ఇనుము కొట్టిన చప్పుడు — టంగ్... టంగ్... కాసేపాగి మళ్లీ టంగ్. నేను విన్నది కాదు, విన్నవాళ్లు చెప్పింది. అబద్ధమైతే పాపం వాళ్లదే.

షెడ్డు కరీముల్లా మేస్త్రిది. పాతకాలం కార్లకి ఈ చుట్టుపక్కల ఆయనే దిక్కు. ఆయన పోయాడని పాతకార్ల వాట్సాప్ గ్రూపులో మొదట పెట్టింది శశిభూషణ్. చిలకలూరిపేటలో ఫిజిక్స్ లెక్చరర్.

ఈయనగారికి కొత్తగా పాతకారు పిచ్చి పట్టింది. అరవై రెండు మోడలు. చేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. మొదటి కారు కదా, కొత్త కోడల్ని తెచ్చుకున్నంత సంబరంగా లారీ మీద తెచ్చుకున్నాడు. వచ్చిన రోజు నుంచీ అది దగ్గలేదు, తుమ్మలేదు. కార్బొరేటర్ పగిలింది. సలహాలకి మాత్రం కరువా? గ్రూపులో ఒకడు ముందు రంగు వేయించమన్నాడు, ఇంకొకడు సీట్లు కుట్టించమన్నాడు, మరొకడు మోటార్ సైకిల్ కార్బొరేటర్ తగిలించి చూడమన్నాడు. బెజవాడ ఆటోనగర్ అంతా గాలిస్తే, "సార్, దీనికి మ్యూజియంలో అడగాలి" అని నవ్వారు.

భార్య వేదశ్రీ తేల్చి చెప్పేసింది. "ఆదివారానికి స్టార్టయితే ఉంచుకోండి. లేకపోతే సోమవారం పాత ఇనుము అతను వస్తాడు. నాకు ముగ్గేసుకునే చోటు లేకుండా పోయింది."

మేస్త్రికి ఫోన్ చేయకపోలేదు. మూడు వారాల కింద చేస్తే ఆయన భార్య కరీమున్ ఎత్తింది.

"మా ఆయన పోయినాడు నాయనా."

"అయ్యయ్యో! ఎప్పుడమ్మా?"

"నిన్న తెల్లారుజామున. పనుండేటోళ్లంతా అడగతానే ఉండారు. ఏం జేసేది?"

ఇంకేం అడుగుతాడు? గ్రూపులో పెట్టాడు. నూట నలభైమంది దండాలు పెట్టి, ఆత్మకి శాంతి కోరి, మర్నాటి నుంచి మళ్లీ సలహాలు మొదలుపెట్టారు.

శుక్రవారం వచ్చింది. శశిభూషణ్‌కి పాడు ఆలోచన కూడా వచ్చింది. షెడ్డులో కార్బొరేటర్ ఉండే ఉంటుంది... చచ్చినవాడికి కార్బొరేటర్ ఎందుకు? కాకపోతే పట్టపగలు దొరికితే లెక్చరర్ పరువేం కాను? అందుకని రాత్రే బండేసుకుని బయల్దేరాడు. దెయ్యాల్లేవని ఏటా రెండు వందల మందికి చెప్పే మనిషి, భయమేంటి అసలు?

మిల్లు వెనక బండాపాడు. కల్లాల మీంచి మిరపకాయల ఘాటు కొడుతోంది. షెడ్డు తలుపు చేరవేసి ఉంది. మెల్లగా తోశాడు...

చీకటి. ఇనుము వాసన.

టంగ్.

కదలకుండా నిలబడ్డాడు. అంతలో ఆ పాడు ఘాటు ముక్కుకెక్కి — హాఛ్!

చీకట్లోంచి మెల్లగా వినబడింది. "నూరేళ్లు."

ఆ గొంతు... కారు కొనేముందు ఫోన్లో విన్నదే. కరీముల్లా మేస్త్రిదే!

పరిగెత్తబోయాడు.

"ఏ మోడలు?" అంది గొంతు.

చూడండి, అక్కడ ఇంకెవడైనా పారిపోయేవాడు. వీడు ఆగాడు!

"అ... అరవై రెండు."

"ఇంజను తిరుగుతోందా?"

"తిరుగుతోందండీ. కార్బొరేటరే..."

"అది నేనిస్తా. ముందు ట్యాంకు విప్పి కడుగు, లేకపోతే ఆ తుప్పంతా దాంట్లోకి దిగుద్ది. వైర్లు ఎలకలు కొరికినయ్యేమో చూడు. బ్రేకులు పడకుండా రోడ్డెక్కకు."

శశిభూషణ్ జేబులోంచి పెన్ను తీశాడు. ఇలాంటి సలహా బతికున్నవాళ్లెవరూ ఇవ్వలేదు మరి!

"మరి రంగండీ?"

"అన్నిటికన్నా చివర."

రాసుకున్నాడు. రాసుకున్నాక జాలేసింది. "మేస్త్రిగారూ... అక్కడ మీకు బాగానే ఉందా?"

"ఎక్కడ?"

"అదే... పోయారు కదా..."

"ఆఁ, పోయా. రెండ్రోజులుండి వచ్చేశా."

"ఎక్కడ్నుంచండీ!"

"కర్నూలు నుంచి. అక్కడెవరో పాత గేరుబాక్సు ఉందంటే."

పోయిన కరెంటు వచ్చింది, లైటు వెలిగింది. కారు కిందనుంచి గళ్ల లుంగీ, గ్రీజు చేతులు, తెల్ల గడ్డం బయటికొచ్చాయి. నీడ కూడా ఉంది. సంగతంతా విని కరీముల్లా నేలమీద కూలబడి నవ్వాడు.

"మా ఆడది గిద్దలూరు మనిషయ్యా! వాళ్లకి బజారుకెళ్లినా పోయినట్టే! మీ పేటోళ్లకేమో పోవడమంటే ఒక్కటే పోవడం!"

శశిభూషణ్ సిగ్గుతో చచ్చిపోయాడు. "క్షమించండి, ఇప్పుడే గ్రూపులో పెడతా, మీరు బతికే ఉన్నారని..."

మేస్త్రి ఠక్కున చెయ్యి పట్టుకున్నాడు. నవ్వు ఆగిపోయింది.

"ఆగు... ఫోను ఎందుకు మోగట్లేదా అనుకుంటున్నా. నీ పుణ్యమా ఇది? ముప్పై ఏళ్లలో మొదటిసారి ఒక ఇంజను మొదలుపెట్టి, మధ్యలో ఎవడికీ సలహా చెప్పకుండా పూర్తిచేశానయ్యా. పగలు ఈ రేకుల కింద పెనం మీదున్నట్టే, రాత్రి చల్లగా పనిచేసుకుంటున్నా. నన్ను బతికించావో... నీ బండి చచ్చినట్టే."

ఒట్టేశాడు. వేయక ఏం చేస్తాడు?

శనివారమంతా ట్యాంకు కడిగాడు, వైర్లు మార్చాడు, బ్రేకులు సరిచేయించాడు. రాత్రి తలకి తువ్వాలు చుట్టుకున్న ముసలాయనొకడు చడీచప్పుడు లేకుండా ఇంటికొచ్చి, కార్బొరేటర్ బిగించి సర్ది, ఎవరూ లేవకముందే వెళ్లిపోయాడు.

ఆదివారం పొద్దున — మొదటి సెల్ఫుకే స్టార్టయింది! వీధి వీధంతా చప్పట్లు. వేదశ్రీ కూడా నవ్వేసింది. కొత్త చీర కట్టుకుని తలుపు తీసి, ఒక కాలు లోపల పెట్టింది.

"బాగుందండీ! ఇంతకీ ఎవరు చేశారు?"

సంతోషంలో నోరు జారాడు. "ఇంకెవరు చేయగలరే? కరీముల్లా మేస్త్రే!"

"ఆయన పోయాడని మీరే కదా ఏడ్చారు?"

శశిభూషణ్ నాలుక కరుచుకున్నాడు.

"ఎప్పుడొచ్చాడు?"

"నిన్న రాత్రి."

వేదశ్రీ లోపల పెట్టిన కాలు మెల్లగా బయటికి తీసుకుంది.

ఒక్క ముక్క చెబితే తీరిపోయేది. చెబితే ఆ కార్బొరేటర్ మళ్లీ ఎవరు సర్దుతారు? నోరు మూసుకున్నాడు. కారు ఇవాళ్టికీ బంగారంలా నడుస్తోంది, పాత ఇనుము అతను కూడా దాన్ని ముట్టనంటున్నాడు. పక్క సీట్లో మాత్రం ఇంతవరకూ ఒక్కరూ కూర్చోలేదు.