ఐదు బెండ్ల మొనగాడు

హైదరాబాద్‌లో ఈత కొలనులన్నీ దండగ. ఊరికే అనడం లేదు, మూడు వేసవులుగా ఈ మాట అనడమే నా ఉద్యోగం. సెలవు రోజున ఎక్కడికి పోవాలో చెప్పే ఒక యాప్‌లో రివ్యూలు రాస్తాను. ఎండలు ముదరగానే 'సిటీ చుట్టుపక్కల ఆరుబయట ఈత కొట్టే చోట్లు' అని నా లిస్టు వస్తుంది. జనం ఆ చోట్ల కోసం చదవరు, నా తిట్ల కోసం చదువుతారు.

శామీర్‌పేట వైపు ఒక ఫామ్‌హౌస్ పూల్ మీద "పెళ్లి వంటల గంగాళం ఇంతకంటే లోతుంటుంది" అని రాశాను. మాదాపూర్‌లో ఒక మేడ మీది పూల్ మీద "ఇక్కడ తడిసేది ఫోన్లే" అని రాశాను. ఇంకో చోట రెయిన్ డాన్స్ అట. పైపుకు చిల్లులు పొడిచి, దానికి వాన అని పేరు పెట్టి, కింద గొడుగు పట్టుకుని సెల్ఫీలు దిగుతున్నారు. వాళ్లను ఏమీ అనకుండా వదిలేస్తే నాకు జీతం ఎందుకు?

ఒక్క సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు. నాకు ఈత రాదు.

మాది జనగామ దగ్గర ఒక లంబాడీ తండా. బావి ఉండేది, అందులో నీళ్లే ఉండేవి కావు. మూడో తరగతిలోనే హైదరాబాద్ హాస్టల్‌లో వేశారు. అక్కడ బకెట్ నీళ్లకే లైను. నా పేరు ప్రేమ్‌సింగ్ అయినా రివ్యూ కింద 'ప్రేమ్' అని మాత్రమే ఉంటుంది. ఇంటి భాషను, జనగామ యాసను ఆఫీసు లిఫ్టు దగ్గరే వదిలేసి పైకి వెళ్లేవాడిని.

ఏప్రిల్‌లో ఘట్‌కేసర్ వైపు ఒక రిసార్టుకు వెళ్లాను. పూల్ అంచున కుర్చీ వేసుకుని, చేతిలో నిమ్మకాయ సోడా పట్టుకుని, కాళ్లు మాత్రం నీళ్లలో పెట్టి కూర్చున్నాను. నా రివ్యూలన్నీ మోకాళ్ల దాకానే.

"ఓ అన్నా! దిగుతె దిగు, లేకుంటె కాళ్లు తియ్యి. పిల్లలు గీ పక్కకే వస్తరు!"

అరిచింది కోచ్. మెడలో విజిల్ ఉంది గానీ ఆ గొంతుకు దాని అవసరం లేదు. పెద్ద కళ్లు. ఆ కళ్లలో నా మీద గౌరవం బొత్తిగా లేదు.

"మేడమ్, నేను గెస్ట్‌ని."

"గెస్టువైతె ఏంది? మునిగెటోన్ని గెస్టని నీళ్లు ఇడిసిపెడ్తయా?"

"కొంచెం మర్యాదగా మాట్లాడండి."

"అన్నా అని పిలిచిన గద. ఇంకేం మర్యాద గావాలె?"

అక్కడున్న వాళ్లంతా నవ్వారు. నేనూ నవ్వేసి ఉంటే సరిపోయేది. సాయంత్రం కూర్చుని రివ్యూ రాశాను. "నీళ్లు ఫర్వాలేదు. కోచ్ కల్యాణి మాత్రం బర్రెలను తోలుతున్నట్టు అరుస్తుంది. ఈత కంటే ముందు ఆమె భాష నేర్చుకోవాలి." అంత మంది షేర్ చేసిన రివ్యూ నేను అంతకు ముందు రాయలేదు. వారం పాటు కాలర్ ఎగరేసుకుని తిరిగాను.

మే మొదట్లో మా ఎడిటర్ విజయ గారు పిలిచారు. "సిటీ పూల్స్ చాలు ప్రేమ్. ఒక పల్లెటూరి బావి పెట్టు. జనానికి నేటివ్‌గా ఏదో కావాలట."

పొద్దున్నే రైలెక్కి, జనగామ వచ్చినప్పుడు అలవాటుగా కిటికీ వైపు చూడకుండా, మానుకోటలో దిగాను. బోర్డు మీద మహబూబాబాద్ అని ఉంటుంది, ఎవరూ అలా పిలవరు. వెంకన్న అనే ఆటో డ్రైవరు కురవి దాటించి ఒక తండా బయట బావి దగ్గర దింపాడు.

నిజం చెప్పాలి కాబట్టి చెబుతున్నాను. ఆ బావి చూడగానే తిట్టు నోటిదాకా రాలేదు. పదిహేను గజాల లోతు, సగానికి పైగా పచ్చటి నీళ్లు, ఒక పక్క రాతి మెట్లు. నీళ్లలో పదిమంది పిల్లలు. వాళ్ల మధ్య డెబ్బై ఏళ్ల ముసలమ్మ ఒకావిడ తమలపాకు నములుతూ వెల్లకిలా తేలుతోంది. ఆవిడ పేరు సమ్మక్క అని తర్వాత తెలిసింది. అయినా పద్ధతి ప్రకారం ఫోన్‌లో రాసుకున్నాను. "బట్టలు మార్చుకునే గది లేదు."

"ఎన్ని బెండ్లు బిడ్డా?" అంది సమ్మక్క అవ్వ నా వైపు చూసి.

పిల్లల నడుములకు తాడు, తాడుకు తేలికైన కట్టె ముక్కలు గుచ్చి ఉన్నాయి. వాటినే బెండ్లు అంటున్నారని అర్థమైంది. కొందరికి రెండున్నాయి, కొందరికి మూడు. కరాటేలో బెల్టుల్లా ఇదొక హోదా కాబోలు, ఎన్ని ఎక్కువుంటే అంత గొప్ప కాబోలు అనుకున్నాను.

"ఐదు," అన్నాను. అది కూడా అణకువగా చెబుతున్నట్టు ముఖం పెట్టి.

బావి మొత్తం నవ్వింది. అవ్వ నవ్వు ఆపుకోలేక నీళ్లు మింగి దగ్గింది.

"ఐదు బెండ్లు మూడేండ్ల పోరగాండ్లకు కడ్తరు," అంది కింద మెట్ల మీంచి ఒక గొంతు. "ఈత వచ్చిన కొద్ది ఒక్కోటి తీసుకుంట పోతం. మొత్తం తీసినంకనే ఈత వచ్చినట్టు. ఐదంటే నీకు బొత్తిగ రాదన్నట్టు."

ఆ గొంతు నాకు తెలుసు. కల్యాణి జడ పిండుకుంటూ పైకి వచ్చి, నన్ను చూసి ఆగిపోయింది.

"ఓహో, ప్రేమ్ సారు! బర్రెలను చూద్దామని వచ్చిండ్రా?"

"నువ్వు... ఇక్కడ?"

"ఇంకేడుంట? గిది మా తండనే. నీ రాతలొచ్చిన మూడోనాడు రిసార్టోళ్లు రావద్దన్నరు. భూపాలపల్లిల ఒక ప్రైవేటు బడోళ్లు పూల్ కట్టుకున్నరు. కోచ్ నౌకరికి పోయిన. నా ఈత చూసి శానా బాగున్నదన్నరు. ఎనుక నా పేరు ఫోన్ల కొట్టి చూసిండ్రు. బర్రెలొచ్చినయ్. బడి తెరిసేలోపు చెప్తమన్నరు. అంటే చెప్పరన్నట్టు."

ఫోన్ జేబులో పెట్టేశాను. మోటారు కొట్టం నీడలో కూర్చున్న పెద్దాయన లేచి వచ్చాడు. ఆమె తండ్రి భీమ్లా. నా ముఖం పరీక్షగా చూసి, లంబాడీ భాషలో నా ఊరు, నా గోత్రం అడిగాడు. ఎన్నేళ్లకో ఆ మాటలు నోట్లోకి వచ్చాయి. తడబడుతూనే జవాబు చెప్పాను.

కల్యాణి ముఖంలో వెటకారం పోయింది. అది ఉన్నప్పుడే నయం.

"మనోనివేనా? మన మాట వచ్చినోనివే, జనగామోనివే, నా మాట మీద పదిమందిని నవ్విచ్చినవా?"

"సారీ," అన్నాను.

"సారీ వద్దు. నీళ్లల్ల దిగు. గీ బావికాడ మా తాత పెట్టిన రివాజున్నది. బెండ్లున్నోళ్లు గట్టు మీద కూసోని మాట్లాడొద్దు. బెండ్లన్నీ తీసినోళ్లదే మాట. రాసుడు గూడ మాట్లాడుడే."

"నాకు నువ్వు నేర్పుతావా?"

"ఎవ్వలికైన నేర్పుత. నీకు గూడ వచ్చిందంటె, నేను నేర్పలేనోడు లోకంల లేడన్నట్టే గద!"

అలా ఇరవై ఆరేళ్ల వయసులో ఐదు బెండ్లు కట్టుకుని బావిలో దిగాను. దిగీ దిగగానే అమ్మా అని అరిచాను.

"నీళ్లెట్లున్నయ్ అన్నా? ఎన్ని స్టార్లిస్తవ్?"

"మునిగిపోతున్నా!"

"ఐదు బెండ్లతోని మునుగుడు మస్తు కష్టం. నీకు వస్తదంటె జర చేసి చూపియ్యి."

ప్రతి ఆదివారం రైలు, వెంకన్న ఆటో, బావి. రెండో వారం ఒక బెండు తీసింది. మూడో వారం రెండోది. నాలుగో వారం మూడో బెండు తీసిన రోజున కల్యాణి నన్ను అన్నా అనడం మానేసింది. "ఓ పిలగా" అంటోంది, "ఇగో" అంటోంది, అన్నా మాత్రం అనడం లేదు. నేను గమనించాను. సమ్మక్క అవ్వ కూడా గమనించి, తమలపాకు ఒక బుగ్గ నుంచి ఇంకో బుగ్గకు మార్చుకుంది.

ఆ రోజే నేను నిజంగా మునిగాను. రెండు బెండ్ల ధైర్యంతో బావి మధ్యకు పోయాను, కాలు పట్టేసింది, ముక్కులోకి నీళ్లు పోయాయి. పిల్లల గోల, పైన మోటారు చప్పుడు, ఏదీ వినబడలేదు. ఒక్క గొంతు మాత్రం నీళ్లను చీల్చుకుని వచ్చింది. "కాళ్లు కొట్టు! పైకి చూడు! నా దిక్కు చూడు!" ఆ దిక్కే చూశాను. ఆమె చేయి అందింది. పదిహేను గజాల గోతిలో మర్యాదగా, మెల్లగా మాట్లాడే కోచ్ ఉండి ఉంటే ఈ కథ మీకు చెప్పేవాడు లేడు.

మెట్ల మీద కూర్చుని దగ్గుతుంటే ఆమె వీపు మీద చరిచింది. చేయి వెంటనే తీయలేదు.

"ఆ రివ్యూ తీసేశాను కల్యాణీ. ఎప్పుడో తీసేశాను."

"తీసేస్తె పోతదా? నువ్వు రాసింది పోయింది. జనం నవ్విన నవ్వు పోలే."

నిజమే. స్క్రీన్‌షాట్లు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. ఐదో వారం నాలుగో బెండు తీశాక, హైదరాబాద్ వచ్చి ఒక్క ఊపున రాశాను. 'ముప్పై ఒక్క పూల్స్, ఒక్కదాంట్లోనూ దిగలేదు' అని హెడ్డింగ్ పెట్టాను. నాకు ఈత రాదని, మోకాళ్లు తడుపుకుని మూడేళ్లు లోకాన్ని తిట్టానని రాశాను. "కోచ్ కల్యాణి అరుస్తుంది. ఆ అరుపు వినే నేను నీళ్లలోంచి బయటికి వచ్చాను. ఆమె భాష చెత్త కాదు, అది మా ఊరి భాష. చెత్తది నా బుద్ధి." కింద ప్రేమ్‌సింగ్ అని పూర్తి పేరు పెట్టాను. బావి గురించి ఒక్క ముక్క రాయలేదు. ఇంకా ఒక బెండు ఉంది కదా.

విజయ గారు చదివి తల పట్టుకున్నారు. "ఇది వేస్తే ఇంకెప్పుడూ నీ చేత ఈత లిస్టు రాయించలేను."

"రాయించకండి మేడమ్. వేయండి."

నాలుగు రోజులు జనం నన్ను ఉతికి ఆరేశారు. నా తిట్లు నాకే తిరిగి కొట్టారు, అవీ నా అంత బాగా కొట్టలేదు. నన్ను హోటళ్ల రివ్యూలకు మార్చారు. ఇడ్లీ తినడం వచ్చో రాదో అని ఈసారి ముందే అడిగారు.

ఆరో ఆదివారం జూన్ వచ్చేసింది. మబ్బు పట్టింది. నేను వెళ్లేసరికి కల్యాణి గట్టు మీద నిలబడి ఉంది.

"భూపాలపల్లి బడోళ్లు ఫోన్ చేసిండ్రు. యాభై మంది పిల్లలట, గసొంటి గొంతే కావాలన్నరు. గురువారం సంది రమ్మన్నరు."

"నిజంగా?"

"గట్ల మురవకు. నీ రాతతోని రాలే. నా ఈతతోని వచ్చింది."

"అవును," అన్నాను. పోట్లాడతాననుకుందేమో, ఆ పెద్ద కళ్లు ఇంకా పెద్దవి చేసి చూసింది. ఆ చూపు చాలు, బావిలో దూకనక్కర లేకుండానే మునిగాను.

చివరి బెండు ఆమే విప్పింది. చినుకులు మొదలయ్యాయి. పైపు చిల్లుల వాన కాదు, అసలు వాన. కళ్లు మూసుకుని దూకాను. కిందికి పోయాను, పైకి వచ్చాను, అవతలి గోడ తాకి మళ్లీ మెట్ల దగ్గరికి ఈదుకొచ్చాను. గట్టెక్కి కూర్చున్నాను.

భీమ్లా వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. "బెండు లేదు. ఇగ మాట్లాడొచ్చు నువ్వు. చెప్పు, మా బావెట్లున్నది?"

"బావి సంగతి తర్వాత బాపూ. కల్యాణిని పెండ్లి చేసుకుంట."

జనగామ యాస దానంతటదే వచ్చింది. నీళ్లలోంచి సమ్మక్క అవ్వ "నేనెప్పుడో అనుకున్న" అంది.

"గోత్రం మొదటినాడే అడిగిన," అన్నాడు భీమ్లా తాపీగా. "మన రెండు గోత్రాలకు సంబంధం కలుస్తది."

"బాపూ! ముందు నన్నడుగు!" అని అరిచింది కల్యాణి. ఆ అరుపుకు వాన కూడా ఆగిందేమో అనిపించింది.

"అడుగుతున్న. చెప్పు బిడ్డా."

ఆమె నా వైపు చూడలేదు. నేల మీద పడున్న తాడు తీసి, ఐదు బెండ్లు మళ్లీ గుచ్చింది. అందరి ముందూ నా నడుముకు బిగించి కట్టింది.

"ఈత వచ్చింది నీకు. మనిషివి కావాలె ఇంక. ప్రతి ఆదివారం భూపాలపల్లి రా. మంచిగుంటే ఒక్కోటి తీస్త. మొత్తం తీసిననాడు పెండ్లి."

"మంచిగుండకపోతే?"

"ఇంకోటి కడ్త."

తండ్రి నవ్వాడు. ఆమె కూడా నవ్వబోయి, నవ్వు దాచుకోవడానికి వంగి, తాడు ముడి విప్పి ఒక బెండు తీసింది. "ఇది నువ్వు నీ పూర్తి పేరు రాసుకున్నందుకు," అంది నాకు మాత్రమే వినబడేలా. ఆమె మెల్లగా మాట్లాడగలదని నాకు అప్పుడే తెలిసింది.

స్టేషన్‌కు తీసుకెళ్తూ ఆటో అద్దంలో నా నడుము వైపు చూశాడు వెంకన్న. "ఎన్ని బెండ్లన్నా?"

"నాలుగు," అన్నాను. ఈసారి లెక్క తప్పలేదు.