చాయ్‌లో పసుపు పూలు

సమోవార్‌లో నీళ్లు మరగగానే తూరాన్ ఒకసారి వెనక్కి చూసి, కూతురి కోసం విడిగా ఉంచిన చిన్న కెటిల్‌లో చాయ్ ఆకుతో పాటు చిటికెడు ఎండు పసుపు పూలు వేసింది. కాషాన్ బజారులో మూలికలమ్మే ముసలాయన ఇచ్చాడు. "దిగులు ఇట్టే పోతుంది ఖానుమ్," అన్నాడు. పోయిందో లేదో గానీ, ఈ మధ్య గుల్‌నూష్ రెండు మూడుసార్లు నవ్వింది. తల్లికి ఆ మాత్రం చాలు.

చెప్తే తాగదు. "నాకేం దిగులు? బాగానే ఉన్నాను," అని విసుక్కుంటుంది. అందుకే పటికబెల్లం కాస్త ఎక్కువేసి చేదు తెలియకుండా చేసేది.

గుల్‌నూష్ రొట్టె తుంచుతుండగా అన్న కేవాన్ తలుపు తోసుకుని వచ్చాడు. పోయిన ఏడాది చెల్లెలికి కిడ్నీ ఇచ్చినవాడు. చేతిలో రక్తపరీక్ష రిపోర్టు ఉంది.

"మందులు మానేశావా?"

"పిచ్చా? ఒక్క పూట కూడా మానలేదు."

"మరి కిడ్నీని కాపాడే మందు రక్తంలో సగానికి ఎలా పడిపోయింది? కిడ్నీ దెబ్బతింటోందని డాక్టర్లు చెప్పారు, తెలుసా?"

"నాకేం తెలుసు? వేసుకుంటున్నాను. అమ్మనడుగు!"

"కళ్లారా చూస్తున్నాను నాయనా, దాని మీద ఒట్టు," అంది తూరాన్.

"ఎదురుగా నోట్లో వేసుకుని అవతల ఉమ్మేస్తే నీకేం తెలుస్తుందమ్మా? నా కడుపు కోసి ఇచ్చాను, దీనికి లెక్కలేదు!"

గుల్‌నూష్ గ్లాసు ఠక్కున పెట్టి లేచింది. "అయితే తీసేసుకో! మళ్లీ కోసి పట్టుకుపో! రోజూ నీ ముందు దొంగలా నిలబడలేను."

కేవాన్ జవాబు చెప్పేలోగా అతని ఫోన్ మోగింది. ఆసుపత్రి నుంచి నర్సు. అతను స్పీకర్ పెట్టాడు.

"వేరే మందులేమైనా వాడుతున్నారా? మూలికలు, కషాయాలు?"

"ఏమీ లేవండీ," అన్నాడు కేవాన్.

తూరాన్ చిన్న కెటిల్ వైపు చూసింది. నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. కానీ కొడుకు ఇచ్చిన కిడ్నీ, కూతురి ప్రాణం రెండూ తన కళ్లముందే పోతాయి.

"అమ్మాయ్," అంది ఫోన్‌కి దగ్గరగా వంగి, "చాయ్‌లో పూలు వేస్తే అది కూడా మూలికేనా? పసుపు పూలు... గుల్-ఎ-రాయీ అంటారు, మనసుకి మంచిదని..."

"వెంటనే ఆపేయండి," అంది నర్సు. "ఆ పూలు మందును పనిచేయనివ్వవు. ఆమెను ఇప్పుడే ఆసుపత్రికి తీసుకురండి."

"అమ్మా!" కేవాన్ అరిచాడు. "బుద్ధుందా నీకు? ఎందుకు చేశావిలా?"

"ఏం చేయను మరి?" అంది తూరాన్. "రాత్రీ పగలూ గోడకేసి చూస్తూ కూర్చుంటుంది. అడిగితే బాగున్నానంటుంది. చాయ్‌లో పూలేగా అనుకున్నాను. నా చేతులతో నేనే దాని ప్రాణం మీదికి తెచ్చాను."

గుల్‌నూష్ గోడకి చేరగిలబడింది. "బాగాలేదమ్మా. అసలేం బాగాలేదు. చెప్తే, వీడు ఇచ్చింది దండగైందనుకుంటాడని..."

కేవాన్ ప్రతి వారం రిపోర్టు అడిగాడు గానీ, ఆమె ఎలా ఉందని ఒక్కసారీ అడగలేదు. "గుల్‌నూష్... అలా ఎందుకనుకుంటానే?" అన్నాడు మెల్లగా. "నీమీద అరిచాను. తప్పయింది నాది."

కాసేపటికి ముగ్గురూ కారెక్కారు. కిడ్నీ నిలబడుతుందో లేదో ఎవరికీ తెలియదు. తూరాన్ వెనక సీట్లో తలుపు వారగా ఒదిగి కూర్చుంది, కూతుర్ని తాకడానికి కూడా భయపడుతూ. గుల్‌నూష్ జరిగి ఆమె ఒడిలో తలపెట్టి, ఆపరేషన్ అయ్యాక మొదటిసారి గొంతెత్తి ఏడ్చింది. తూరాన్ ఊరుకోమనలేదు. కేవాన్ కూడా అనలేదు. ఆసుపత్రి వచ్చేదాకా ఇద్దరూ ఆమెను ఏడవనిచ్చారు.