బదులు మనిషి

ఎర్ర లైటు మాయమైంది!

ఉపేందర్ యాక్సిలరేటర్ తిప్పుతాడు. అద్దె స్కూటీ గుంతల్లో ఎగిరెగిరి పడుతుంది. మట్టి రోడ్డు... రెండు వైపులా వరి పొలాలు... చీకట్లో తాటిచెట్లు. అచ్చం తమ ఊరి దగ్గరి కమాన్‌పూర్ దారిలాగే ఉంది.

కానీ ఇది కంబోడియా!

అదిగో... మళ్లీ ఎర్ర లైటు. ఆ టుక్‌టుక్‌లో సంపత్.

వాడి గుట్టు ఈ రాత్రి తేలిపోవాలి!

గోదావరిఖని చౌరస్తాలో ఉపేందర్‌కు దుకాణం ఉంది. గంబూట్లు, టార్చిలైట్లు, టిఫిన్ డబ్బాలు. సంపత్ అతని భార్య రమకు మేనబావ. ఒకప్పుడు ఆ ఇద్దరికీ పెళ్లి మాట నడిచింది. తప్పిపోయింది. రమ ఉపేందర్ ఇంటికొచ్చింది.

ఆ బేరంలో తనదే లాభం అనుకున్నాడు ఉపేందర్.

రెండేళ్ల కింద సంపత్ ఇక్కడికొచ్చాడు. కంప్యూటర్ ఉద్యోగం! రోజుకో ఫోటో. ఈతకొలను. కొత్త బూట్లు. నల్లద్దాలు.

"చూసినవా? మా సంపత్ బావ ఎట్లయిండో!" అనేది రమ.

ఒకరోజు సంపత్ ఫోటోను రెండు వేళ్లతో పెద్దది చేసి చూసింది. అది ఉపేందర్ కంటపడింది.

అప్పటినుంచి నిద్ర లేదు.

పోయిన వారం సంపతే ఫోన్ చేశాడు. "రాయే అన్నా. సంచొకటి భుజానేస్కొని రా. నాలుగు దినాలు దేశం చూపిస్త."

ఉపేందర్ వచ్చింది దేశం చూడడానికి కాదు. వాడికి దొరికిన గని ఎక్కడుందో చూడడానికి!

రాజధాని ఫ్నోంపెన్‌లో రెండు రోజులు. ఇంటికి ఒక్క ఫోన్ చేయలేదు ఉపేందర్... చేస్తే రమ బావ సంగతే అడుగుతుంది. చవక లాడ్జీలో పైమంచం ఒకరిది, కిందిమంచం ఒకరిది. నది ఒడ్డున నడక. ఆ తర్వాత బస్సులో కంపోట్ ఊరు. మిరియాల తోటలు, ఉప్పు మడులు.

"నీ కొలువు యాడ తమ్మీ?"

"కొలువు సంగతి ఇడిసిపెట్టే. మిరియాలు చూడు, ఎంత ఘాటున్నయో!"

"మిరియాలు చూసెటందుకు గింత దూరం వచ్చిన్నా?"

సంపత్ నవ్వలేదు.

ఈ రాత్రి అన్నం తినగానే "సిగరెట్ తెస్త" అని లేచాడు. సిగరెట్‌కు పోయేవాడు సంచి ఎందుకు తీసుకెళ్తాడు?

నన్ను వదిలి పోతున్నాడు... వాటా అడుగుతానని!

టుక్‌టుక్ ఆగింది.

బ్రేక్!

ఎత్తైన గోడ. పైన ముళ్ల కంచె. ఇనుప గేటు, అందులో చిన్న తలుపు. సంపత్ దాని మీద చెయ్యి వేశాడు... వెనక్కి తిరిగాడు. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"అన్నా! నువ్వెందుకొచ్చినవే? నీ కాల్మొక్త, జల్ది వాపస్ పో!"

"ఎందుకు? నీ బంగ్లాకు నా దిష్టి తగుల్తదా?"

"బంగ్లా కాదే అది..."

"రమకు ఫోటోలు చూపిస్తవ్. రమ మొగనికి దర్వాజ చూపియ్యవా? తప్పుకో!"

ఉపేందర్ అతన్ని తోసేస్తాడు. తలుపు తెరుచుకుంటుంది. లోపలికి అడుగు పెడతాడు.

ఈతకొలను నిజంగానే ఉంది!

దాని వెనక కిటికీలు. కిటికీలకు కడ్డీలు. కడ్డీల వెనక వరసగా తలకాయలు... చెవులకు హెడ్‌ఫోన్లు. ఒకడు తల ఎత్తాడు. వాడి కన్ను వాచి మూసుకుపోయింది.

ఇద్దరు కాపలావాళ్లు ఉపేందర్ రెక్కలు పట్టుకుంటారు. భుజం మీది సంచి గుంజేస్తారు. లావుపాటి మనిషి ఒకడు చెప్పులు ఈడ్చుకుంటూ వచ్చి, ఉపేందర్‌ను ఎగాదిగా చూసి తలాడించాడు. వెంటపడి లోపలికొచ్చిన సంపత్ చేతిలో అతని పాస్‌పోర్టు పెట్టాడు. వేలితో గేటు చూపించాడు.

"గో!"

"ఏంది తమ్మీ ఇది?"

సంపత్ పాస్‌పోర్టును పిడికిట్లో బిగించాడు. "మన బొగ్గుబాయిల రిలీవర్ లెక్కనే అన్నా. ఒకడు దిగితెనే ఇంకొకడు పైకెక్కాలె. ఫోన్లల్ల మనోళ్లనే మోసం చేసుడు ఈడి పని. చెయ్యనంటే కరెంటు పెడ్తరు. ఫోటోలు గూడ వీళ్లే తీస్తరు... నవ్వమని కొట్టి!"

"మరి నన్నెందుకు పిలిచినవ్?"

"బదులు మనిషిని పిలిస్తె, తెచ్చెటందుకు నాలుగు దినాలు ఇడుస్తమన్నరు. నిన్ను పిలిచిన. కానీ మనసొప్పలే. నా పాస్‌పోర్టు వీళ్ల తాన్నే ఉండె, ఉరుకుదామంటే తొవ్వ లేదు. ఒక్కన్నే వాపస్ వచ్చిన. నువ్వే... నీ అంతట నువ్వే నడిచొస్తివి గదనే!"

తను రెండేళ్లు కుళ్లి కుళ్లి ఆశపడ్డ సరుకు... నకిలీ!

కాపలావాడు చిన్న తలుపు తీశాడు. ఒక్క మనిషి పట్టే సందు. వాడి నడుముకు తుపాకి.

సంపత్ తలుపు దగ్గర ఆగాడు. సెలవు తీసుకుంటున్నట్టు చెయ్యి ఊపాడు.

"నవ్వుకుంట ఇను అన్నా. వీళ్లకు తెలుగు రాదు. నేను తుపాకోని మీద పడ్త. నువ్వు ఉరుకు. రోడ్డు మీదికి పోకు, పొలాలల్ల దిగు."

"నా కోసం సస్తవా?"

"నీ కోసం కాదు." ఈసారి సంపత్ నిజంగా నవ్వాడు. "రమ కోసం."

కత్తి దిగినట్టయింది!

క్షణం... ఉపేందర్ కాళ్లు కదలవు. ఈ ప్రాణాన్ని వాడి చేతి నుంచి తీసుకోవాలా?

"ఉరుకు!"

సంపత్ దూకాడు. కేకలు... పెనుగులాట... రెక్కలు విదిలించుకుని ఉపేందర్ తలుపు దాటాడు. రోడ్డు. కాలువ. బురద. పరుగు... పరుగు!

గట్టు వెనక బోర్లా పడతాడు. తన ఫోన్, పాస్‌పోర్టు లోపలి జేబులోనే ఉన్నాయి.

గేటు వైపు నుంచి సంపత్ అరుపు. బతికే ఉన్నాడు!

పొలం అవతల, అరకిలోమీటరులో నీలం లైటు తిరుగుతోంది. పోలీసు జీపు. పరుగెత్తితే మూడు నిమిషాలు. చెబితే సంపత్ బయటికొస్తాడు.

బయటికొస్తే గోదావరిఖని వస్తాడు. ఇంటికొస్తాడు. రమ మొగుడి ప్రాణం కాపాడిన బావ! అప్పుడు రమ కళ్లలో తన విలువెంత?

ఉపేందర్ లెక్క వేస్తాడు. జీపు వైపు చూస్తాడు. ఫోన్ వైపు చూస్తాడు.

రమకు మెసేజ్ కొడతాడు.

'సంపత్ ఈడ కలవనే లేదు. నేను వస్తున్న.'

నీలం టిక్కులు పడ్డాయి. రమ మేలుకునే ఉంది.

'అయ్యో! బావ మరి యాడికి పోయిండు?'

నీలం లైటు మెల్లగా దూరమవుతోంది... ఉపేందర్ లేవడు.

గోడ అవతల—

ఢాం!