నూనె బుడ్డిగాడు

"ఏవండీ! ఆ జాకెట్ కాస్త తీసేస్తారా? పిట్ట బెదిరిపోతుంది!"

పటాన్‌చెరు పార్కులో కృష్ణప్రియ అనిల్‌తో అన్న మొదటి మాట ఇదే. అతను నైట్ షిఫ్ట్ దిగి, డిసెంబర్ చలిలో బెంచీ మీద కూలబడి ఉన్నాడు.

తన ఆరెంజ్ సేఫ్టీ జాకెట్‌ని ఓసారి, ఆమె బైనాక్యులర్స్ తిరిగిన వైపు ఓసారి చూశాడు. గోడ మీద తోక వణికిస్తూ చిన్న పిట్ట. నల్లటి వీపు, ఆరెంజ్ కడుపు.

"దానికి గూడ జెప్పున్రి మేడం, జాకెట్ తియ్యమని!"

ఆపుకుందామనుకుంది గానీ, నవ్వు ఆగితేగా!

"దాని పేరు నూనె బుడ్డిగాడు. చలికాలం వచ్చి, ఎండలు ముదిరేలోపు వెళ్లిపోతుంది."

"నూనె బుడ్డా? గట్లయితే మా సుట్టమే." గ్రీజు చేతులు చూపించాడు. "ఫోర్జింగ్ షాపుల, ఇనుము గొట్టే పెద్ద హ్యామర్ మీద జేస్త. మాది కర్దనూర్."

ఆమె స్కూల్లో సైన్స్ టీచర్. తండ్రి హరినాథ్ ఎప్పుడో గుడివాడ నుంచి ఫ్యాక్టరీ ఉద్యోగానికొచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు. ఇక ప్రతి ఆదివారం పొద్దున్నే పార్కులో ఇద్దరూ హాజరు. మీరు కాస్తా నువ్వైంది.

"ష్! గట్టిగా మాట్లాడకు. కూస్తోంది, విన్నావా?"

"ఆఁ, ఇన్న. మస్తుంది."

"నా మొహం కాదు, పిట్టను చూడవయ్యా!"

"సూస్తున్న గద."

ఆ చూపుకి ఆమె బుగ్గలు వేడెక్కేవి. తన పెదాల మీంచి కళ్లు తిప్పని మగవాణ్ని ఏ పిల్ల మాత్రం మరచిపోతుంది?

జనవరిలో ఆమెకు జలుబు చేసింది. వాళ్లమ్మ ముక్కూ మూతీ కలిపి మఫ్లర్ చుట్టి మరీ పంపింది.  ఆ రోజు ప్రియ అతని వైపు చూసే ధైర్యం లేక, బైనాక్యులర్స్‌లోంచి పిట్టనే చూస్తూ గుసగుసగా అడిగింది.

"నాన్న ఏలూరు సంబంధం ఖాయం చేస్తానంటున్నారు. ఒప్పుకోమంటావా?"

"మంచిగుంది," అన్నాడు అనిల్, నవ్వుతూ తలూపి.

అంతే. ఆమె ప్రాణం ఉసూరుమంది. ఇంటికెళ్లి తండ్రితో సరేనంది. అనిల్ నంబర్ బ్లాక్ చేసింది. పార్కు మానేసి, ఆదివారాలు తలుపేసుకుని ఏడ్చింది.

రేపు తాంబూలాలనగా, ఉండబట్టలేక పార్కుకొచ్చింది. కడుపులో ఉన్నదంతా అతని మొహాన కడిగేసి పోదామని.

అనిల్ అటు తిరిగి కూర్చున్నాడు. నూనె బుడ్డిగాడు అతని వెనక గోడ మీదే గొంతు చించుకుంటోంది. అతనేమో ఎదురుగా పొదల్లో వెతుకుతున్నాడు.

"అనిల్!" తిరగలేదు. "అనిల్!"

ఆమెకు చట్టున అనుమానమొచ్చింది. మఫ్లర్ కిందికి లాక్కుని ఎదురుగా వెళ్లి నిలబడింది. "వినపడదా నీకు?"

అతను ఉలిక్కిపడి లేచాడు. తర్వాత తల దించుకున్నాడు.

"రెండేండ్ల సంది. హ్యామర్ సప్పుడుకు సన్న సప్పుళ్లన్నీ పోయినయ్. నీ పెదాలు సూసి సమజ్ చేసుకుంటున్న. పిట్ట కూత ఒక్కపారి గూడ ఇనలే ప్రియా."

"మరి విన్నానన్నావు!"

"నువ్వు గంత సంబురంగ అడుగుతుంటే లేదని ఎట్ల జెప్పాలె? చెవిటోనికి పిల్లనెవరిస్తరు?"

"ఆ రోజు నేనేం అడిగానో తెలుసా?"

"మూతికి మఫ్లర్ ఉండె. పిట్ట మంచిగుందా అన్నవనుకున్న."

ఆమె బెంచీ మీద కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది. అతని మీద, ఆ పాడు హ్యామర్ మీద, మఫ్లర్ మీద, అన్నిటి మీదా కోపమే.

"నాన్న తెచ్చిన సంబంధం ఒప్పుకోమంటావా అని అడిగాను! రేపు నాకు తాంబూలాలు!"

అతని మొహం పాలిపోయింది. 

"పో ప్రియా. కొన్నేండ్లయితే నువ్వు అరిసినా గూడ ఇనపడదన్నడు డాక్టర్. నువ్వెందుకు పరేషాన్ గావాలె?"

చలికాలమంతా గొంతు లేపొద్దని అతన్ని కసిరిన మనిషే, లేచి పార్కంతా అదిరేలా అరిచింది.

"నిన్నే చేసుకుంటా!"

వాకింగ్ చేసేవాళ్లు ఆగిపోయారు. నూనె బుడ్డిగాడు ఎగిరిపోయింది. అనిల్ కళ్లలోంచి నీళ్లు జారాయి.

"పిట్ట పోయింది," అన్నాడు.

"పోనీ. పద, మా నాన్నతో కూడా ఇంత గట్టిగానే చెప్పాలి. నువ్వు పక్కనుండు చాలు."

అతను కదల్లేదు. జాకెట్ అంచుతో కళ్లు తుడుచుకున్నాడు.

"మల్లొక్కపారి అను ప్రియా. ఇనపడుతున్నప్పుడే ఇననీ."

ఏడుస్తూనే, ఇంకా గట్టిగా, మళ్లీ అంది.