పోయినవాళ్ళ ప్రార్థనలో యెఫీం పేరు

ఉస్తీన్యా పొయ్యిలో రొట్టెలు పెడుతోంది. ఆమె భర్త యెఫీం గుమ్మంలో కూర్చుని కొయ్యకాలి పట్టీ బిగించుకుంటున్నాడు. సెవాస్తొపోల్ యుద్ధం నుంచి అతను ఊరు చేరి పట్టుమని నెల కాలేదు. నీళ్ళు మోసుకెళ్తున్న పక్కింటి ఫ్యోక్లా ఆగింది.

“ఏరా అబ్బాయ్, పరలోకంలో తిండి బాగాలేదా? తిరిగొచ్చేశావ్!”

“కాలొక్కటే వెళ్ళింది పిన్నీ. నేనింకా బయల్దేరలేదు.”

“కాలేంట్రా! నీ ఆత్మశాంతికని నీ పెళ్ళాం చర్చిలో పంచిన తేనె గోధుమలు నేనూ తిన్నాగా! నీ పేరు చదువుతుంటే బోరుమన్నాను కూడా.”

యెఫీం నవ్వు ఆగిపోయింది. లోపలికి నడిచాడు.

“నేను చచ్చానని నీకెవరు చెప్పారు?”

ఉస్తీన్యా బిగుసుకుపోయింది. “ఎవరూ చెప్పలేదు.”

“మరి ప్రార్థన?”

“నేనే చేయించాను.”

ఫిరంగుల మోతలో ఆమె ముఖం తలచుకునే అతను ప్రాణాలు నిలుపుకున్నాడు. ఇక్కడ ఆమె అతన్ని పాతిపెట్టేసింది!

“ఎవడు వాడు? పిండిమర అనీసిమా? కుంటివాడు తిరిగొచ్చి అడ్డుపడ్డాడా?”

“నోర్ముయ్! నీ కోసమే చేశాను. బతికున్నవాడి పేరు పోయినవాళ్ళలో చదివిస్తే ఇంటి మీద బెంగ పట్టుకుంటుందట. ఉన్నచోట కాళ్ళు నిలవవట. అమ్మమ్మ చెప్పేది. నీ కబురు లేదు. ఫాదర్‌తో అబద్ధమాడాను.”

“ఇన్నాళ్ళూ ఎందుకు దాచావే?”

ఆమె చూపు నేలకు దిగింది. “కాళ్ళు నిలవకూడదనుకున్నాను. దేవుడు ఒక కాలే తీసేసుకున్నాడు. నీ కాలు నేనే తీయించాను యెఫీం. ఎప్పుడు పోయిందో అడగాలంటే భయం.”

“ఎప్పుడు చదివించావ్?”

“పోయినేడు, చలి మొదలయ్యే ముందు పోయినవాళ్ళను తలుచుకుంటామే, ఆ దిమిత్రీ శనివారం.”

యెఫీంకు ఆసుపత్రి బల్ల గుర్తొచ్చింది. కిటికీ అవతల తొలి మంచు. డాక్టరు చేతిలో రంపం. అప్పటికి దిమిత్రీ శనివారం వెళ్ళి వారమైనా కాలేదు.

“పిచ్చిదానా! కాలు అంతకుముందే, ఎండాకాలంలోనే పోయింది. కట్టు మీద ఈగలు ముసిరి చచ్చాను.”

“ఒట్టు?”

అతను శిలువ గుర్తు వేసుకున్నాడు. “ఒట్టు. బెంగ మాత్రం ఆ శనివారం నుంచే పట్టుకుంది.”

ఉస్తీన్యా అతని మెడ మీద వాలి వెక్కివెక్కి ఏడ్చింది. ఈ అబద్ధపు ఒట్టుకు దేవుడు తననేం చేసినా సరే అనుకుంటూ యెఫీం ఆమె వీపు నిమిరాడు.